మెట్లు దిగుతున్న మేయరు

విగ్రహాల వీధి: పాఠకుల ప్రశ్నలకు ఒక శిల్పి జవాబులు

ప్రశ్న: అమ్మా, నమస్కారం. నేను విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి. 2018లో న్యూజెర్సీలో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళ్ళినప్పుడు వాడు ఫిలడెల్ఫియా చూపించాడు. అక్కడ సిటీ హాలుకు ఎదురుగా ఒక ప్రభుత్వ కార్యాలయం మెట్ల మీద, సూటు వేసుకుని, చెయ్యి ఊపుతూ దిగివస్తున్న భారీ మనిషి కంచు విగ్రహం కనిపించింది. పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నాను. మొన్న మళ్ళీ వెళితే అది లేదు. "ఆయన మంచివాడు కాదు తాతయ్యా, తీసేశారు" అన్నాడు మా మనవడు. మా అబ్బాయి ఆఫీసులో ఒక ఇటాలియన్ పెద్దాయన మాత్రం అంతటి మేయరు మళ్ళీ పుట్టడంటాడట. ఇంతకీ నేను ఎవరి పక్కన నిలబడ్డాను?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మాస్టారూ, మీరు నిలబడింది ఫ్రాంక్ రిజ్జో పక్కన. 1972 నుంచి 1980 వరకు ఫిలడెల్ఫియా మేయరు. అంతకుముందు ఆ నగర పోలీసు కమిషనరు. మీ మనవడు చెప్పిందీ, ఆ ఇటాలియన్ పెద్దాయన చెప్పిందీ రెండూ వినాలి. ఎందుకంటే ఆ విగ్రహం నిలబడ్డ ఇరవై ఒక్క ఏళ్ళూ ఊళ్ళో ఈ రెండు మాటలే వినిపించాయి.

రిజ్జో 1920లో దక్షిణ ఫిలడెల్ఫియాలో ఒక ఇటాలియన్ వలస కుటుంబంలో పుట్టాడు. తండ్రి పోలీసు. కొడుకు హైస్కూలు పూర్తిచేయకుండానే 1943లో అదే ఉద్యోగంలో చేరి 1967 నాటికి కమిషనరయ్యాడు. ఆ ఏడాది నవంబరులో, పాఠాల్లో తమ చరిత్ర కూడా చెప్పాలని వేల మంది నల్లజాతి విద్యార్థులు విద్యాశాఖ భవనం ముందు గుమికూడితే పోలీసులు లాఠీలతో విరుచుకుపడ్డారు. 1969లో ఏదో విందు నుంచి నేరుగా గొడవ జరుగుతున్న చోటికి వచ్చాడట ఆయన. విందు దుస్తుల నడుంపట్టీలో లాఠీ దోపుకుని ఉన్న ఆనాటి ఫొటో ఆ ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. 1970 ఆగస్టులో నల్లజాతి హక్కుల కోసం పోరాడే బ్లాక్ పాంథర్ల కార్యాలయాల మీద దాడి చేసి, దొరికినవాళ్ళను వీధిలో గోడకు నిలబెట్టి, కెమెరాల ముందే బట్టలు విప్పించారు. ఆ ఫొటో పత్రిక మొదటి పేజీలో వచ్చింది. తండ్రి అలా నిలబడటం చూసిన పిల్లలు ఇప్పటికీ ఆ ఊళ్ళో బతికే ఉంటారు.

ఆ ఫొటోలు చూసి జడుసుకున్నవాళ్ళు ఉన్నట్టే, అవే చూసి గుండెల మీద చెయ్యి వేసుకుని నిద్రపోయినవాళ్ళూ ఉన్నారు. నేరాలు పెరుగుతున్న కాలం అది. ఫ్యాక్టరీలు మూతపడుతున్నాయి. ఇటాలియన్, ఐరిష్ కార్మిక పేటలవాళ్ళకు ఆయన తమ వీధి మనిషి, తమ భాష మాట్లాడే మనిషి, ఎవరికీ తలవంచని మనిషి. 1971లో గెలిపించారు, 1975లో మళ్ళీ గెలిపించారు.

మేయరయ్యాక జరిగిన ఒక ముచ్చట చెప్పకుండా ఉండలేను. 1973లో సొంత పార్టీ నగర అధ్యక్షుడే ఈయన మీద ఆరోపణ చేశాడు: జిల్లా అటార్నీ (ప్రభుత్వం తరఫున నేర కేసులు నడిపే న్యాయవాది) అభ్యర్థి ఎంపికలో తన మాట నెగ్గించుకోవడానికి పదవులు ఎరవేశాడని. రిజ్జో ఒక పత్రిక ఏర్పాటు చేసిన అబద్ధాల యంత్రం ముందు కూర్చోవడానికి ఒప్పుకున్నాడు. ఆ యంత్రం అబద్ధమంటే అబద్ధమేనని ముందుగా తానే పొగిడాడు కూడా. అడిగిన పది ప్రశ్నల్లో ఆరింటికి ఆయన చెప్పింది అబద్ధమని యంత్రం తేల్చింది. మర్నాడు పత్రికకు శీర్షిక వెతుక్కునే పని లేకపోయింది. ఆ తర్వాత కూడా 1975లో జనం ఆయన్నే ఎన్నుకున్నారని మరిచిపోకండి.

1977లో ఫిలడెల్ఫియా ఇంక్వైరర్ పత్రిక, హత్య కేసుల్లో పోలీసులు కొట్టి ఒప్పించిన వైనాలను వరుస కథనాలుగా రాసింది. మరుసటి ఏడు దానికి పులిట్జర్ బహుమతి వచ్చింది. 1978లో, మేయరు వరసగా రెండుసార్లకు మించి ఉండకూడదన్న నగర నిబంధనను మార్చడానికి రిజ్జో ఓటింగు పెట్టించాడు. శ్వేతజాతివాళ్ళు జాతిని చూసుకుని ఓటు వేయాలన్న ధోరణిలో బాహాటంగా మాట్లాడాడు. జనం చిత్తుగా ఓడించారు. 1979లో అమెరికా న్యాయశాఖ ఏకంగా నగరం మీదా, మేయరు మీదా, పోలీసు అధికారుల మీదా దావా వేసింది. మొత్తం పోలీసు శాఖ తీరు మీద కేంద్ర ప్రభుత్వం అలా కోర్టుకెక్కడం అదే మొదలు. కోర్టు ఆ దావాను కొట్టేసింది. అదీ చెప్పాలి.

ఇంకో సంగతి. 1985లో ఫిలడెల్ఫియాలో 'మూవ్' అనే నల్లజాతి ఉద్యమ బృందం ఉన్న ఇంటి మీద పోలీసులు హెలికాప్టరు నుంచి బాంబు వేశారు. పదకొండు మంది చనిపోయారు, అరవై ఒక్క ఇళ్ళు కాలిపోయాయి. చాలామంది దీన్ని రిజ్జో ఖాతాలో రాస్తారు. అది తప్పు. అప్పటి మేయరు విల్సన్ గూడ్, ఆ నగరానికి మొదటి నల్లజాతి మేయరు. రిజ్జో కాలంలో, 1978లో, ఆ బృందంతో జరిగిన కాల్పుల్లో ఒక పోలీసు చనిపోయిన మాట మాత్రం నిజం.

తర్వాత రిజ్జో రెండుసార్లు గూడ్ చేతిలో ఓడాడు. మధ్యలో పార్టీ మారాడు, రేడియోలో కార్యక్రమం నడిపాడు. 1991లో రిపబ్లికన్ అభ్యర్థిగా మళ్ళీ ప్రచారంలో దిగి, జూలైలో ఆ ప్రచారం మధ్యలోనే గుండె ఆగి పోయాడు. అలా పోయినవాడికి విగ్రహం కట్టాలని అభిమానులకు అనిపించడంలో వింతేమీ లేదు. చందాలు పోగుచేశారు. జెనోస్ ఫ్రుడాకిస్ అనే శిల్పి చేత పది అడుగుల కంచు విగ్రహం పోయించి నగరానికి బహూకరించారు. 1999 జనవరి 1న ఆవిష్కరించారు.

ఇక నా మాట. ఆ రోజుల్లో నేను న్యూజెర్సీలో ఒక పోతశాలలో పని నేర్చుకుంటున్నాను. విగ్రహం పెట్టిన కొత్తల్లోనే రైలెక్కి వెళ్ళి చూశాను. ముఖం కంటే ముందు నేను చూసింది దిమ్మె. అది లేదు! పది అడుగుల మనిషిని నేరుగా మెట్ల మీద నిలబెట్టారు, అప్పుడే ఆఫీసు పని ముగించుకుని వస్తున్నట్టు. అదీ ఏ ఆఫీసు? మునిసిపల్ సర్వీసెస్ భవనం. నీటి బిల్లు కట్టాలన్నా, పన్ను కట్టాలన్నా, ఇల్లు కట్టుకోవడానికి అనుమతి కావాలన్నా జనం ఎక్కాల్సిన మెట్లు అవి. పార్కులో విగ్రహమైతే ఇష్టంలేనివాడు ఇంకో దారిన పోతాడు. ఇక్కడ ఆ వీలు లేదు. 1970లో గోడకు నిలబడ్డ మనిషి ముప్ఫై ఏళ్ళ తర్వాత నీటి బిల్లు పట్టుకుని వస్తే, ఎదురుగా ఆయనే నవ్వుతూ చెయ్యి ఊపుతూ దిగి వస్తుంటాడు. రిజ్జో విగ్రహం ఆయన పుట్టిన పేటలో, ఆయన్ని ప్రేమించినవాళ్ళ చందాతో, వాళ్ళ సొంత స్థలంలో ఉండి ఉంటే దేశం దాకా ఎక్కే గొడవ అయ్యేది కాదని నా నమ్మకం. ప్రభుత్వ కార్యాలయం గుమ్మంలో పెట్టేసరికి అది అభిమానుల మాటగా కాక నగరం మాటగా వినిపించింది.

2017లో ఒక విగ్రహం తొలగింపు మీద షార్లట్స్‌విల్ అనే ఊళ్ళో రేగిన అల్లర్ల తర్వాత దాన్ని తీసేయాలన్న పిలుపు గట్టిపడింది. గుడ్లు విసిరారు, రంగు పులిమారు. ఆ సెప్టెంబరులో హాంక్ విల్లిస్ థామస్ అనే కళాకారుడు అదే ఆవరణలో, దానికి దగ్గరలోనే, నల్లజాతివాళ్ళు ఒత్తైన ఉంగరాల జుట్టుకు వాడే ఆఫ్రో దువ్వెనను ఎనిమిది అడుగుల ఎత్తున నిలబెట్టాడు, పిడి చివర బిగించిన పిడికిలితో. నాకు ఆ ఉపాయం చాలా నచ్చింది. ఒక్క ముక్క తిట్టకుండా జవాబు చెప్పాడు. ఆ ఏడాది నవంబరులో విగ్రహాన్ని వేరే చోటికి మారుస్తామని నగరం ప్రకటించింది. తర్వాత వాయిదాల మీద వాయిదాలు. మీరు ఫొటో దిగింది ఆ వాయిదాల కాలంలో. 2020 మేలో పోలీసు చేతిలో జార్జి ఫ్లాయిడ్ అనే నల్లజాతి వ్యక్తి హత్య మీద నిరసనలు రేగినప్పుడు జనం తాళ్ళు కట్టి లాగారు, నిప్పు పెట్టారు. అది కూలలేదు. జూన్ 3 తెల్లవారుజామున మేయరు జిమ్ కెనీ ఆదేశంతో క్రేను తెచ్చి, విప్పి, లారీ ఎక్కించారు. అదే నెలలో ఇటాలియన్ మార్కెట్‌లో ఉన్న ఆయన గోడచిత్రానికీ రంగు వేసేశారు.

ఫొటో చించేయకండి మాస్టారూ. వెనకాల తారీఖు రాసి దాచండి.

ప్రశ్న: మేయర్లకు కూడా విగ్రహాలా? మా ఊరి పాత మేయర్లలో ఒక్కరి పేరు చెప్పమంటే మా ఇంట్లో ఎవరూ చెప్పలేకపోయారు. అమెరికాలో వాళ్ళు అంత గొప్పవాళ్ళా?
– ఒక గృహిణి, విశాఖపట్నం

జవాబు: గొప్పతనం సంగతి తర్వాత, ముందు అధికారం చూడండి. మన నగరపాలక సంస్థల్లో సంతకం కమిషనరుది, రిబ్బను కత్తిరించే కత్తెర మేయరుది. పోలీసులు రాష్ట్ర ప్రభుత్వం కింద ఉంటారు. ఫిలడెల్ఫియాలో 1951 నాటి నగర శాసనం ప్రకారం పాలన మొత్తం మేయరు చేతిలోనే. పోలీసు కమిషనరు నియామకానికీ ఆయన ఆమోదం కావాలి. అంటే మన లెక్కలో మేయరు, మునిసిపల్ కమిషనరు, పోలీసు కమిషనరు మీద పెత్తనం చేసే హోంమంత్రి, ముగ్గురూ ఒకే కుర్చీలో కూర్చున్నట్టు. అలాంటివాడు మంచి చేసినా చెడు చేసినా ఇంటింటికీ తెలుస్తుంది.

న్యూయార్క్‌లో ఫియొరెల్లో లగార్డియా ఉన్నాడు, 1934 నుంచి 1945 వరకు మేయరు. ఆయన పేరు మీద విమానాశ్రయం ఉందని మీకు తెలిసే ఉంటుంది. 1945లో పత్రికలు పంచేవాళ్ళు సమ్మె చేస్తే, పిల్లలు ఆదివారం బొమ్మల కథలు చదువుకోలేకపోతున్నారని రేడియోలో తానే అభినయించి చదివి వినిపించాడు. గ్రీనిచ్ విలేజ్‌లో ఆయన పేరున్న వీధిలోనే 1994లో నీల్ ఎస్టర్న్ చేసిన కంచు విగ్రహం పెట్టారు. పొట్టి మనిషి, నోరు తెరిచి, అడుగు ముందుకు వేస్తూ, చేతులు చరుస్తూ ఉంటాడు. ఏదో ఒక పని ఇంకా అవలేదని ఎవరినో కేకలేస్తున్నట్టే ఉంటుంది. మేయరు విగ్రహాల్లో నాకు ఇష్టమైనది అదే.

బోస్టన్‌లో జేమ్స్ మైకేల్ కర్లీకి ఒకటి కాదు, రెండు విగ్రహాలు పక్కపక్కనే ఉన్నాయి: ఒకటి నిలబడి, ఒకటి బల్ల మీద కూర్చుని. లాయిడ్ లిలీ 1980లో చేశాడు. కర్లీ నాలుగు విడతలు మేయరు. నాలుగో విడతలో, 1947లో, మోసం కేసులో మేయరు పదవిలో ఉండగానే జైలుకెళ్ళి వచ్చాడు. ఆ ఊరివాళ్ళు ఆ బల్ల మీద ఆయన పక్కనే కూర్చుని మధ్యాహ్నం తిండి తింటారు. ఇక్కడ గొడవ లేకపోవడానికి కారణం ఆలోచిస్తే, కర్లీ మోసం చేశాడని అందరికీ తెలుసు, ఆ బల్ల కూడా ఆ సంగతి దాచినట్టుండదు. మెట్లు దిగే రిజ్జో అలా కాదు. ఏమీ జరగనట్టు వస్తాడు.

మన దగ్గరా లేకపోలేదు. చెన్నైలో నగరపాలక సంస్థ రిపన్ భవనం దగ్గర పిట్టి త్యాగరాయ చెట్టి విగ్రహం ఉంది. తెలుగు దేవాంగ కుటుంబంలో పుట్టినవాడు. 1920లో మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షుడయ్యాడు. మేయరు అనే హోదా అక్కడ మళ్ళీ వచ్చింది 1933లో, అందుచేత ఈయన్ని మేయరు అనలేం, కుర్చీ మాత్రం అదే. టి.నగర్‌లో, అంటే త్యాగరాయ నగర్‌లో, చీరలు కొన్న ప్రతివాళ్ళూ ఆయన పేరు మీదుగా నడిచినవాళ్ళే. ముంబయిలో నగరపాలక భవనం ముందు ఫిరోజ్‌షా మెహతా నిలబడి ఉంటాడు. ఆయనా కార్పొరేషన్ అధ్యక్షుడే.

ప్రశ్న: నేను శిల్ప విభాగంలో విద్యార్థిని. పది అడుగుల కంచు విగ్రహాన్ని ఒకే పోతలో పోస్తారా? లోపల బోలుగా ఉంటుందా? మా స్థపతి గురువుగారు లోపలంతా లోహం నిండిన గట్టి పోత మాత్రమే అసలైన పోత అంటారు.
– ఒక విద్యార్థిని, వరంగల్

జవాబు: మీ గురువుగారి మాట దేవతామూర్తుల విషయంలో నిజమే. తమిళనాడులోని స్వామిమలై పద్ధతిలో ఉత్సవమూర్తిని మైనంతో గట్టిగా చేసి, మట్టి పూసి, మైనం కరిగించి, లోహం నింపుతారు. రెండు అడుగుల మూర్తికి అది కుదురుతుంది. పది అడుగుల మనిషికి కుదరదు. రిజ్జో విగ్రహం బరువు సుమారు 900 కిలోలు. అదే గట్టి పోతయితే మూడు టన్నులు దాటేది. బరువు ఒక్కటే కాదు, మందంగా పోసిన లోహం చల్లారేటప్పుడు లోపలా బయటా ఒకేసారి గట్టిపడదు. ముడుచుకుంటుంది, పగులుతుంది, గుంటలు పడుతుంది.

అందుకని ఈ పని ఇలా జరుగుతుంది. ముందు ఇనుప చట్రం మీద మట్టితో పూర్తి కొలతలో బొమ్మ చేస్తారు. దాని మీద రబ్బరు అచ్చు తీసి, ఊడిపోకుండా వెనక ప్లాస్టర్ కవచం పోస్తారు. అచ్చు లోపలి వైపు కరిగిన మైనం పూత పూస్తూ ఐదారు మిల్లీమీటర్ల మందం తెస్తారు. కంచు మందం చివరికి అంతే ఉంటుంది. తల, చేతులు, మొండెం, కాళ్ళు దేనికది ముక్కలుగా. మైనం ముక్కలకు లోహం దిగడానికీ గాలి పోవడానికీ మైనపు గొట్టాలు అతుకుతారు. వాటిని సిలికా ద్రవంలో ముంచి, సన్నని ఇసుక చల్లి, ఆరబెట్టి, మళ్ళీ ముంచి, ఇలా పెంకు గట్టిపడేదాకా చేస్తారు. బట్టీలో పెడితే మైనం కారిపోతుంది, పెంకు కాలి పింగాణీలా మిగులుతుంది. అందులో దాదాపు 1,100 నుంచి 1,200 డిగ్రీల సెల్సియస్ దగ్గర కంచు పోస్తారు. పోసేటప్పుడు ఎవరూ మాట్లాడరు, మేస్త్రీ ఒక్కడే చేత్తో సైగ చేస్తాడు.

చల్లారాక పెంకు పగలగొట్టి, గొట్టాలు కోసేసి, ముక్కలను వెల్డింగ్ చేస్తారు. అసలు నైపుణ్యం అక్కడ మొదలవుతుంది. వెల్డింగ్ గీత కనిపించకూడదు. సూటు మడతల్లో దాన్ని దాచడం తేలిక. చెంప మీదా అరచేతి మీదా వస్తే పోతశాలలో పెద్ద చెయ్యి తిరిగినవాళ్ళకే అప్పగిస్తారు. నన్ను చాలాకాలం ప్యాంటు మడతల దగ్గరే కూర్చోబెట్టారు. ఈ కాలపు పోతశాలల్లో ఎక్కువగా వాడేది సిలికాన్ కంచు: రాగి 95 శాతం దాకా, సిలికాన్ 4 శాతం, కొద్దిగా మాంగనీస్. తగరం ఉండదు. అయినా కంచు అనే అంటారు. వెల్డింగ్‌కు బాగా లొంగుతుంది, అదీ కారణం.

ఆఖరిది రంగు. అది పెయింటు కాదు. లోహాన్ని మంటతో వేడిచేస్తూ రసాయనాలు పూస్తారు. ఫెర్రిక్ నైట్రేట్‌తో గోధుమ, ఎరుపు ఛాయలు వస్తాయి, కుప్రిక్ నైట్రేట్‌తో పచ్చ. పైన మైనం రుద్దుతారు. మొదట మైనంతో పుట్టిన బొమ్మ చివరికి మైనం కప్పుకునే బయటికి వస్తుంది. మీ కళాశాలలో బట్టీ ఉంటే అరచేతి పరిమాణంలో ఒక చెయ్యి బోలుగా పోసి చూడండి. వేళ్ళ చివరి దాకా లోహం దిగిందంటే గాలి గొట్టాలు సరిగా పెట్టినట్టే.

ప్రశ్న: చందాలు వేసుకుని, ఖర్చంతా భరించి ఇచ్చిన విగ్రహాన్ని ప్రభుత్వం తీసేయవచ్చా? అది ఇచ్చినవాళ్ళదా, తీసుకున్నవాళ్ళదా? మన దగ్గర చట్టం ఏమంటుంది?
– ఒక యువ న్యాయవాది, విజయవాడ

జవాబు: మీరే నాకు చెప్పాల్సిన విషయం ఇది! అయినా రాస్తాను. ఫిలడెల్ఫియాలో రిజ్జో విగ్రహాన్ని ఇచ్చిన కమిటీవాళ్ళు సరిగ్గా మీ ప్రశ్నతోనే కోర్టుకు వెళ్ళారు. అదే ఊళ్ళో మార్కోనీ ప్లాజాలో ఉన్న కొలంబస్ విగ్రహం మీదా వ్యాజ్యం నడిచింది. నగరం దాన్ని 2020లో చెక్కపెట్టెతో కప్పేసింది, కోర్టు తీర్పుతో 2022 డిసెంబరులో ఆ పెట్టె విప్పాల్సి వచ్చింది. బహుమతి తీసుకోవడానికి ఒక్క సభ చాలు, వదిలించుకోవడానికి ఏళ్ళు పడుతుంది. ఇచ్చేటప్పుడే కాగితం మీద రాసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి: యాజమాన్యం ఎవరిది, మరమ్మతు ఎవరిది, చోటు మార్చాలంటే ఎవరిని అడగాలి, తిరిగి ఇచ్చేయాలంటే రవాణా ఖర్చు ఎవరు పెట్టుకోవాలి. దండలు వేసే తొందరలో వీటిని ఎవరూ అడగరు.

మన దగ్గర సుప్రీంకోర్టు 2013 జనవరి 18న ఒక ఉత్తర్వు ఇచ్చింది. రహదారుల మీద, కాలిబాటల మీద, ప్రజలు వాడుకునే ఇతర స్థలాల్లో విగ్రహాలు పెట్టడానికి గానీ ఏ కట్టడానికైనా గానీ రాష్ట్రాలు ఇకమీదట అనుమతి ఇవ్వకూడదని. కేరళలో ఒక కూడలిలో నాయకుడి విగ్రహం పెట్టబోతే వచ్చిన ఉత్తర్వు అది. ఆ తర్వాత మన కూడళ్ళలో ఎన్ని లేచాయో మీ ఇంటి నుంచి కోర్టుకు వెళ్ళే దారిలో మీరే లెక్కపెట్టుకోండి.

కూల్చడం సంగతికి వస్తే, 2011 మార్చి 10న హైదరాబాదు ట్యాంక్‌బండ్ మీద మిలియన్ మార్చ్ రోజున జరిగింది మనం మరిచిపోలేదు. కవుల విగ్రహాలూ, రాజుల విగ్రహాలూ నేలకూలాయి, కొన్ని హుస్సేన్‌సాగర్‌లో పడ్డాయి. తర్వాత మళ్ళీ నిలబెట్టారు. అక్కడ కోపం ఒక్కొక్క కవి మీద కాదు. మా గట్టు మీద మావాళ్ళు ఎంతమంది అన్న లెక్క మీద. ఫిలడెల్ఫియాలో కోపం ఒకే మనిషి మీద. రెండింటినీ ఒకే గాటన కట్టి మాట్లాడే వ్యాసాలు ఈమధ్య చాలా చదివాను, ఒప్పుకోను. కాకపోతే ఒక పోలిక ఉంది: ఫిలడెల్ఫియా సిటీ హాలు మీదా చుట్టూ 250కి పైగా శిల్పాలున్నాయి, శిఖరాన ఆ నగర స్థాపకుడు విలియం పెన్ 37 అడుగుల విగ్రహమై ఉన్నాడు. ఆ నగర స్థలంలో ఒక నల్లజాతి వ్యక్తికి ప్రత్యేకంగా విగ్రహం వచ్చింది 2017లో. ఓటు హక్కు కోసం పోరాడి 1871 ఎన్నికల రోజున కాల్పుల్లో చనిపోయిన ఆక్టేవియస్ కాటో అనే ఉపాధ్యాయుడిది. రిజ్జోకి 1999లో దొరికిన చోటు ఆయనకు దొరకడానికి ఇంకో పద్దెనిమిదేళ్ళు పట్టింది.

ప్రశ్న: అలాంటి వాడి విగ్రహం చేయడానికి ఒప్పుకున్న శిల్పిని ఏమనాలి? మీరైతే చేసేవారా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: అడిగే తీరులోనే తీర్పు చెప్పేశారు. ఫ్రుడాకిస్ చేసిన పనుల్లో ఫిలడెల్ఫియాలోనే 'ఫ్రీడమ్' అని ఒకటి ఉంది, 2001లో పెట్టారు. గోడలోంచి ఒక మనిషి విదిలించుకుని బయటపడుతుంటాడు. ప్రపంచం నలుమూలల నుంచి వచ్చి దాని ముందు ఫొటోలు దిగుతారు. రెండూ చేసింది అవే చేతులు. ఏమనాలో మీరే చెప్పండి.

నా సంగతి అంటారా, కోస్తాలో ఒక చిన్న పట్టణానికి మాజీ మునిసిపల్ ఛైర్మన్ విగ్రహం చేశాను. బంధువులు ఒకే ఒక పాస్‌పోర్టు ఫొటో తెచ్చారు, పక్కనుంచి ముఖం ఎలా ఉంటుందో ఎవరికీ గుర్తులేదు. మట్టి బొమ్మ చూసి కోడలుగారు "మామగారు ఇంత నవ్వేవారు కాదు" అన్నారు, కొడుకు "ఇంకొంచెం నవ్వించండి" అన్నాడు. డబ్బిచ్చేది కొడుకు కాబట్టి నవ్వించాను. ఆ ఛైర్మన్ ఎలాంటివాడని నేను అడగలేదు. తెనాలిలోనూ కొత్తపేటలోనూ రోజుకొక నాయకుణ్ణి తయారుచేసే మా తోటి శిల్పుల్లో ఎవరూ అడగరు. అడిగితే కొలిమి వెలగదు. అయితే చోటు మాత్రం అడుగుతాను. ఆసుపత్రి గుమ్మం, పోలీసు స్టేషను గుమ్మం, పన్నులు కట్టే ఆఫీసు గుమ్మం అంటే ఒప్పుకోను. ఆ ఛైర్మన్‌ది పార్కులో పెట్టించాను.

రిజ్జో గురించి శిల్పులకు మాత్రమే కసి పుట్టించే కథ ఒకటుంది. ఆ మునిసిపల్ సర్వీసెస్ భవనం ఆవరణలోనే జాక్ లిప్‌షిట్జ్ చేసిన పెద్ద కంచు శిల్పం ఉంది, పేరు 'గవర్నమెంట్ ఆఫ్ ది పీపుల్'. ఒకరినొకరు ఎత్తి పట్టుకున్న మనుషుల గోపురం. రిజ్జో మేయరు కాగానే దాని నమూనా చూసి, తాపీపనివాడు గచ్చు ధబీమని పడేసినట్టుందని వెటకారం చేసి, నగరం డబ్బు ఆపేశాడు. శిల్పి 1973లో చనిపోయాడు. ఒక కళాసంఘం డబ్బు పెట్టి పూర్తిచేయించి 1976లో అక్కడ నిలబెట్టింది. తర్వాత రిజ్జో విగ్రహమూ అదే ఆవరణకు వచ్చింది. 2020లో రిజ్జోని లారీ ఎక్కించిన రాత్రి ఆ గచ్చు కుప్ప అక్కడే ఉంది.

ప్రశ్న: మేడమ్, మా పురపాలక కార్యాలయంలో మొదటి ఛైర్మన్ గారి కంచు విగ్రహం, ఛాతీ వరకు ఉన్నది, పచ్చగా మారిపోయింది. జయంతి దగ్గరపడుతోంది. చింతపండు, ముగ్గు పెట్టి తోమిస్తే తళతళలాడుతుందని మా అటెండరు అంటున్నాడు. తోమించమంటారా?
– పురపాలక ఉద్యోగి, తూర్పు తీరంలోని ఒక పట్టణం

జవాబు: వద్దు, వద్దు. చింతపండు దేవుడి గదిలో ఇత్తడి చెంబుకు. విగ్రహం మీద ఉన్న చిలుము దానికి చర్మం. చింతపండు పులుపు దాన్ని మచ్చలు మచ్చలుగా తినేస్తుంది, ముగ్గు గీతలు పెడుతుంది. ఆ వారం రోజులు మెరుస్తుంది, వానాకాలం వచ్చేసరికి చారలు పడుతుంది. ముక్కు, చెవులు అరిగిపోయిన ఛైర్మన్లను నేను చాలామందిని చూశాను.

ముందు అది కంచో కాదో తేల్చుకోండి. వేలి కణుపుతో తట్టండి. కంచయితే ఖంగుమంటుంది, ఫైబరయితే డబ్బా చప్పుడు. రంగు పెచ్చులుగా లేస్తుంటే పెయింటు వేసిన బొమ్మ, దానికి ఈ జవాబు వర్తించదు.

కంచే అయితే మంచినీళ్ళతో దుమ్ము కడిగించండి. బకెట్టు నీళ్ళలో నాలుగు చుక్కలు తేలికపాటి సబ్బు ద్రవం వేసి, మెత్తని నూలుగుడ్డతో పైనుంచి కిందికి తుడిచి, మళ్ళీ కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. ఎండకు లోహం గోరువెచ్చగా ఉన్నప్పుడు తేనెమైనం పలచగా రాసి, పొడిగుడ్డతో రుద్దండి. ఏడాదికోసారి చాలు. మీది సముద్రం ఒడ్డు ఊరు కాబట్టి ఒకటి గమనించాలి. లేత పచ్చ పొడి రాలుతూ, తుడిచిన చోటే మళ్ళీ వస్తూ, కింద గుంట పడుతుంటే అది ఉప్పుగాలి తెచ్చిన తెగులు. దాన్ని మీరు ముట్టుకోవద్దు. సాలార్ జంగ్ మ్యూజియంలో సంరక్షణ విభాగం ఉంది, ఫొటోలతో వాళ్ళకు ఉత్తరం రాయండి.

జయంతి రోజున పాలాభిషేకం మాత్రం చేయనివ్వకండి. చేసి తీరుతామని పట్టుబడితే, సభ ముగియగానే అటెండరు చేత రెండు బకెట్ల మంచినీళ్ళు పోయించండి, పాలు ఎండకముందే.